గ్లాండు దగ్గర లీకు

ఏటా మూడో సంవత్సరం మెకానికల్ పిల్లల్ని గుంటూరులో ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లేవాణ్ని. బస్సు దిగేసరికే మిర్చి ఘాటు, అమ్మోనియా ఘాటు కలిసి ముక్కు అదరగొట్టేవి. ఒకసారి కంప్రెసర్ దగ్గర ముసలి ఆపరేటరు గ్లాండు నట్లు, అంటే షాఫ్టు బయటికొచ్చే చోట సందు మూసే బిగింపు నట్లు, బిగిస్తున్నాడు. ‘‘ఎంత బిగించాలి పెద్దాయనా?’’ అన్నాను. ‘‘లీకు ఆగాలి, షాఫ్టు వేడెక్కకూడదు. అంతే మాస్టారూ’’ అన్నాడు.

అంతేనట! పాతికేళ్లుగా ఈ శీతలీకరణ చక్రాన్ని బోర్డు మీద గీస్తున్నాను. నా గీతలు ఏనాడూ లీకవలేదు.

ఈ గ్లాండుతోనే తంటాలు పడ్డ ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు, కార్ల్ ఫాన్ లిండె. జ్యూరిక్‌లో ఉష్ణగతిశాస్త్ర దిగ్గజం క్లాసియస్ అంతటివాడి దగ్గర చదివి, 1864లో విద్యార్థుల గొడవలో ఇరుక్కుని పట్టా లేకుండా బయటపడ్డాడు. నూలు మిల్లులో, రైలింజన్ల కార్ఖానాల్లో పనిచేశాడు. 1868లో మ్యూనిక్‌లో కొత్త పాలిటెక్నిక్ తెరిస్తే 26 ఏళ్లకే అక్కడ పంతులయ్యాడు. పట్టా అడగని ఆ ఇంటర్వ్యూ బోర్డుకి నా నమస్కారం.

చల్లదనం పుట్టించే యంత్రాల మీద ఆయన రాసిన వ్యాసాలు ముందుగా పట్టుకున్నది తోటి ప్రొఫెసర్లు కాదు, బీరు కాచేవాళ్లు. చలికాలంలో చెరువుల మీద కోసి దాచిన మంచుగడ్డలతోనే వాళ్ల బతుకు. శీతాకాలం వెచ్చగా గడిచిందా, ఆ ఏడు వ్యాపారం గోవిందా. వాళ్లే డబ్బు పెట్టారు, చోటిచ్చారు. మొదటి యంత్రంలో మిథైల్ ఈథర్ వాడాడు. లెక్క సరిపోయింది గానీ వాయువు మాత్రం గ్లాండు సందులోంచి కారిపోయింది. రెండో యంత్రానికి అమ్మోనియాకి మారాడు, గ్లిజరిన్‌తో ఆ సందు మూశాడు. 1877లో ట్రియెస్ట్ రేవులో ఓ బ్రూవరీకి యంత్రం వెళ్లింది. సూత్రం పాతదే. గెలిచింది మాత్రం ఆ సందు దగ్గరే అని నాకనిపిస్తుంది.

1879లో కంపెనీ పెట్టి ప్రొఫెసర్ ఉద్యోగం వదిలేశాడు. మన దగ్గరైతే ‘పర్మనెంటు పోస్టు వదిలాడట, పాపం’ అని స్టాఫ్ రూములో నెల రోజులు చెప్పుకునేవాళ్లం. నేనూ చెప్పుకునేవాణ్నే. పదేళ్లు పైగా వ్యాపారం చేసి, పగ్గాలు వేరేవాళ్లకిచ్చి మళ్లీ మ్యూనిక్ చేరాడు. 1895లో, యాభై దాటాక, గాలినే ద్రవం చేశాడు. నొక్కిపెట్టిన గాలిని సన్నని వాల్వులోంచి వదిలితే కాస్త చల్లబడుతుంది. ఆ చల్లగాలి వెనక్కి పోతూ పోతూ ఎదురొచ్చే గాలిని చల్లార్చిపోతుంది. అలా తిప్పగా తిప్పగా మైనస్ 190 డిగ్రీల దగ్గర గాలి చుక్కలుగా రాలుతుంది. ఆసుపత్రి సిలిండర్లో ఆక్సిజన్‌కి దారి పడింది అక్కడే.

పాఠం చెప్పే రోజుల్లోనే ఆయన విద్యార్థులకో యంత్రాల లాబ్ పెట్టించాడు. ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చలేదని 1878లో క్లాసులో చెబుతుంటే, ఒక కుర్రాడు నోట్సు అంచున ఏదో గిలికాడు. తర్వాత కొన్నేళ్లు ఆ కుర్రాడు పారిస్‌లో గురువుగారి మంచు యంత్రాల పని చూశాడు. పేరు రుడాల్ఫ్ డీజిల్. నా విద్యార్థుల నోట్సు అంచుల్లో ఎక్కువగా నా బొమ్మలే ఉండేవి, మీసాలతో సహా.

ఆ రోజు మేం బయల్దేరబోతుంటే కరెంటు పోయింది. షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది. వెనక జనరేటర్ దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. శిష్యుడి ఇంజను గురువుగారి కంప్రెసర్‌ని మళ్లీ తిప్పుతోంది. పిల్లలకి ఈ ముచ్చట చెప్పడం మొదలుపెట్టాను. ‘‘కాస్త పక్కకి జరగండి మాస్టారూ’’ అని ఆపరేటరు నన్ను దాటి వంగి, గ్లాండు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.