అడగడం నేర్పారు, మరి వినడం?

సికిందరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, నాకు హిందీ రాకపోవడమేమిటండీ! కూరల బండి దగ్గర "నక్కో", ఆటో అబ్బాయితో "కైకు", పక్కింటావిడతో "హౌ". ఈ మూడు మాటలతో నలభై ఏళ్ళ సంసారం ఈదుకొచ్చాను. అయినా ఒంటరిగా కాశీ బయల్దేరుతుంటే మావారు స్టేషన్లో ఓ చిన్న పుస్తకం కొని చేతిలో పెట్టారు. తెలుగు అక్షరాల్లో హిందీ నేర్పే పుస్తకం. ఇవాళ నా విమర్శ దాని మీదే. కథలకీ నవలలకేనా విమర్శ? ఆడవాళ్ళ చేతిసంచీలో ప్రయాణం చేసే పుస్తకానికి అక్కర్లేదూ?

ముందు మంచి చెప్పుకుందాం. నాగరి లిపి రానివాళ్ళు హిందీ మాటని తెలుగులో చదువుకోగలగడం నిజంగా మేలే. అంకెలు, వరసలు, కూరగాయలు, జబ్బులు అన్నీ పొందిగ్గా ఉన్నాయి. "ధర్మశాల కహా హై?" అన్నది రైల్లోనే కంఠతా పట్టేశాను.

బండి ఆలస్యమై, దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. కేదారఘాట్ వైపు తెలుగు బాగానే వినబడుతుంది. కానీ అందాకా చేరాలిగా! స్టేషన్ బయట ఒకాయన్ని పాఠం అప్పజెప్పినట్టు అడిగాను. ఆయనా మర్యాదగానే చెప్పాడు, గుక్క తిప్పుకోకుండా. నా చెవిన పడింది "సీధా" ఒక్కటే. అంతా తెలిసినట్టు తల ఊపాను. అదే నేను చేసిన తప్పు. తిన్నగా నడిచిన కొద్దీ దీపాలు తగ్గాయి, మనుషులూ తగ్గారు. వెంటబడ్డ రిక్షా అతన్ని "నక్కో, నక్కో" అన్నాను. మరాఠీ నుంచి మన దక్కనీలోకి వచ్చిన ఆ మాట కాశీ దాకా వెళ్ళలేదు గావును, అతను వదల్లేదు. నా కాళ్ళు వణికాయి.

వీధిదీపం కింద పుస్తకం తెరిచాను. "అదేమిటి?", "ఇది తీసుకురా", "ధర తగ్గించు". అన్నీ అడగడాలూ, ఆజ్ఞలూను. అవతలివాళ్ళు ఇచ్చే జవాబు ఒక్కటీ లేదు. "నాకర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పండి" అన్న వాక్యం కోసం పేజీలన్నీ తిరగేశాను. లేదు.

వెనక్కి తిరిగొచ్చి, టీ అమ్ముకుంటున్న ఓ ముసలావిడ దగ్గర నిలబడి తెలుగులోనే "అమ్మా, నాకు తెలీటం లేదు" అనేశాను. ఆవిడ స్టూలు జరిపి కూర్చోమంది. నా చేతిలోని అడ్రసు చీటీ ఓ కుర్రాడి చేత చదివించింది. ఒక్కో మాటే విడదీసి చెప్పి, తెలిసిన ఆటో మాట్లాడి ఎక్కించింది.

ఈ లోపం ఇవాళ్టిది కాదు. దొరల కాలంలో స్టీల్, గార్డినర్ అనే ఇద్దరు దొరసానులు ఇంటి నిర్వహణ మీద పుస్తకం రాస్తూ, దొరసాని హిందుస్తానీ నేర్చుకు తీరాలన్నారు. దేనికయ్యా అంటే, నౌకర్లకి పని పురమాయించడానికి! పురమాయించేవాళ్ళకి జవాబుతో పనేముంది? ఇక 1830లో మన హైదరాబాదు మీదుగానే కాశీ వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. పైగా వెంట బోలెడు పరివారం. ఆయన "కాశీయాత్ర చరిత్ర" గొప్ప గ్రంథమే, కాదనను. కానీ అర్ధరాత్రి భాష తెలియక ఒంటరిగా నిలబడ్డ ఆడదాని గుండెదడ ఆయనకెలా తెలుస్తుంది?

"సెల్‌ఫోన్ అనువాదం చేసి పెడుతుందిగా అమ్మా!" అంటుంది మా అమ్మాయి. చేస్తుంది. ఆ రాత్రి దానికి ఛార్జింగు లేదు.

అంచేత ఇలాంటి పుస్తకాలు రాసేవారికి నాదొక మనవి. మొదటి పాఠంలో "నాకర్థం కాలేదు" పెట్టండి. రాదని ఒప్పుకోవడం నామోషీ ఏమీ కాదు. రెండో పాఠంలో, అడిగిన ప్రతి ప్రశ్నకీ రాగల జవాబులు నాలుగైనా ఇవ్వండి. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళని తలుచుకుని రాయండి.

ఈలోగా నా ప్రతికి నేనే అనుబంధం చేర్చాను. వెనక ఖాళీ పేజీ మీద "సమఝ్ నహీ ఆయా, ధీరే బోలియే" అని పెద్దక్షరాలతో రాశాను. వచ్చే నెల మా వదిన ఒక్కతే హరిద్వారం వెళ్తోంది. పుస్తకం ఆవిడకిచ్చి, ముందు ఆ పేజీ చదువుకోమన్నాను.