కత్తిపీట నలుపు

మా వంటయింటిలో గోడకు జేరవేసియుండు కత్తిపీట మా నాయనమ్మ కాపురమునకు వచ్చినప్పటిదో అంతకు ముందటిదో చెప్పగలవారు ఇప్పుడు లేరు. పీటచెక్క రెండుమార్లు మారినది. అలుగు మాత్రము, ఒకప్పుడు నాలుగు వ్రేళ్ల వెడల్పున నుండినది, సానకు అరిగి అరిగి నేడు రెండు వ్రేళ్లకు వచ్చినది. కాలితో పీటను త్రొక్కిపట్టి కూర్చుండినచో రెండు చేతులును కాయకే చెందును. కత్తి కదలదు, కాయయే కదలును.

బాల్యమున ఆ అలుగునకు పదును పెట్టించుటకై నాయనమ్మ వెంట కొలిమికి బోయినప్పుడు, కమ్మరి లారీ కమాను పట్టా ముక్కనొకదానిని బొగ్గులలో కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, దానిమ్మగింజవలె ఎఱ్ఱనైన వెంటనే నీటిలో ముంచుట చూచితిని. అంతటితో విడిచినచో అది గాజువలె పెళుసై విఱుగునని, మరల సెగ చూపి, మెఱుగుపెట్టిన అంచున ఎండుగడ్డి రంగు తేలగానే ఆతడు చల్లార్చెను. పాయనమనునది ఇదియే, ఆతని కంటికి మించిన ఉష్ణమాపకము ఆ పాకలో లేదు.

నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రములో మూసలయందు కరగించిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారనియు, ఆ జాతి ఉక్కును 1819లో మైకేల్ ఫారడే పరీక్షించెననియు చదివి నేనును ఉప్పొంగినవాడనే. కాని మా కత్తిపీటకు ఆ గొప్పవంశమును అంటగట్టుటకు నా యొద్ద ఆధారమేదియు లేదు.

1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ, నూటికి 12 పాళ్లకు పైగా క్రోమియము కలిపి పోయించిన ఉక్కు సంతతియే మా కోడలు తెచ్చిన తెల్లకత్తి. వంకాయ విషయమున గెలుపు దానిదే, ఒప్పుకొనవలసినదే: ఇనుము సోకిన వంకాయముక్క నల్లబడును, కూర చూపునకు చెడును. మామిడికాయ తరిగి కడుగక మఱచినచో కత్తిపీట అలిగి ఎఱ్ఱబడును. అయితే ఎఱ్ఱతుప్పు వేఱు, అలుగునకు పట్టు నలుపు వేఱు. మొదటిది ఉక్కును తినును, రెండవది పలుచని పొరయై కొంతవఱకు దానిని కాచును.

మొన్నటి వానలలో పదిదినములు ఊరికి బోయి వచ్చునప్పటికి అలుగంతయు తుప్పుపట్టియుండెను. చింతపండుతో, ఇటుకపొడితో తోమగా తుప్పుతో పాటు ఏండ్లనాటి నలుపును ఊడిపోయి, అది ఎవరిదో క్రొత్తకత్తివలె వెలవెలబోయినది. మఱునాడు దానిపై అరటిపువ్వు తరిగిరి. సాయంకాలమున దీపము వెలిగించి చూచితిని. అంచు వెంబడి నీలిఛాయ సన్నగా మరల పొడసూపుచుండెను.