వోల్టేరు తోటలో కూలివాడు లేడు

స్వేచ్ఛను గురించి, మతాన్ని గురించి, మనిషి బుద్ధిని గురించి నవ్విస్తూ రాసినవారిలో వోల్టేరును మించినవాడు లేడని చదువుకున్నవారు అంటారు. మేమూ కాదనము. 1759లో వెలువడిన ఆయన 'కాందీద్' నవల రాజులను, యుద్ధాలను, మతవిచారణ చేసే గురువులను, లోకంలో జరిగేదంతా మన మేలుకే అని చెప్పే పండితులను ఒకే గాడికి కట్టి ఎగతాళి చేస్తుంది. పుస్తకమంతా నవ్వే. ఒక్కచోట మాత్రం ఆ నవ్వు ఆగిపోతుంది. చెరకును గురించి నేర్చుకోవడానికి పుస్తకం అక్కరలేని మనవంటివారు ఆ చోటును ఇంకొకసారి చదవవలసి ఉన్నదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అది 19వ అధ్యాయం. దక్షిణ అమెరికాలోని సురినాములో, ఊరి పొలిమేరలో ఒక నీగ్రో బానిస నేలమీద పడి ఉంటాడు. ఎడమ కాలు లేదు, కుడి చెయ్యి లేదు. చక్కెర మరలో వేలు నలిగితే చెయ్యి నరుకుతారు, పారిపోబోతే కాలు నరుకుతారు, నాకు రెండూ జరిగాయి అంటాడు. యూరపులో మీరు తినే చక్కెర వెల ఇదేనని కూడా చెబుతాడు. కాందీద్ ఏడుస్తాడు. అంతా మేలుకే అన్న గురువుగారి సిద్ధాంతం ఇక తనకు వద్దంటాడు. ఏడుస్తూనే ఊళ్లోకి వెళ్లిపోతాడు.

మా పేచీ అక్కడే. ఏడ్చినవాడు ఊళ్లోకి వెళ్లాడు, సరే. పడి ఉన్నవాడి సంగతి ఏమిటి? నవలలో అతనికి పేరు లేదు, తర్వాతి పుటల్లో అతని ఊసే లేదు. కథానాయకుడికి జ్ఞానోదయం కలిగించడంతో అతని పని తీరిపోయింది. వోల్టేరును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ కాలంలో చక్కెర తిన్నవారిలో ఆపాటి ఆగి చూసినవారే అరుదు. 1748లో మాంటెస్క్యూ కూడా బానిసత్వాన్ని సమర్థించేవారి వాదాలను తానే వల్లిస్తున్నట్లు నటించి దెప్పాడు. ఆ వాదాలలో ఒకటి, బానిసలు లేకపోతే చక్కెర ధర పెరిగిపోతుందని. గొప్ప వ్యంగ్యమే. కాని వ్యంగ్యం తెలియనివాడికి అది సమర్థనగానే వినిపిస్తుంది. తెలిసినవాడు నవ్వుకుని, కాఫీలో ఇంకొక చెంచా చక్కెర వేసుకుంటాడు.

సురినాము మనిషి కథను పూర్తి చేసినది ఎవరు? మన పూర్వులే అని మా అభిప్రాయం. మారిషసులో 1835లో బానిసత్వం రద్దయింది. దానికి ముందే, 1834 నుంచే, ఒడంబడిక కూలీల ఓడలు రావడం మొదలైంది. మనవాళ్లలో పలువురు కోరంగి రేవునుంచి ఎక్కినవారు. కాళ్లూ చేతులూ నరికే కాలం కాదు గనుక కాగితం వచ్చింది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1867 చట్టంతో, ఒడంబడిక తీరినవాడు కూడా ఫోటో అంటించిన చీటీ దగ్గర ఉంచుకుని తిరగాలి. చీటీ లేకుండా దొరికితే దిమ్మరి అని ఖైదు. 1871లో దె ప్లెవిట్జ్ అనే ఆయన తోడ్పాటుతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు రాజసంఘం విచారణకు వచ్చింది. తోవపక్కన పడి ఉన్నవాడు తానే లేచి నోరు విప్పిన సందర్భం అది. దానిని సాహిత్యమని ఎవరూ అనరు. అనవలసిన అవసరం ఉన్నదని మేము అంటున్నాము.

ఇది గడిచిన కథే అయితే ఇంత రాసేవారము కాము. కాగితం ఇంకొకరి చేతిలో, ఒళ్లు ఇంకొక దేశంలో ఉండే బతుకు మన తెలుగువారిని విడువలేదు. సౌదీ అరేబియాలో 1962లో బానిసత్వం రద్దయింది. ఆ తర్వాతి దశాబ్దం నుంచి నూనె డబ్బుతో అక్కడ పనులు పెరిగాయి. కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల పల్లెల వారు అప్పులు చేసి రియాదుకు, దమ్మాముకు వెళ్లారు. అక్కడ మనిషికి ఒక కఫీలు ఉండాలి, అంటే పూచీదారు. అతని పేరుమీదనే ఇఖామా, అనగా నివాసపు చీటీ. పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలని నిబంధనలు చెప్పినా, అది కఫీలు బీరువాలోకి పోవడం మామూలు. పనివాడు పారిపోయాడని కఫీలు ఫిర్యాదు రాయిస్తే దానిని హురూబ్ అంటారు. ఆ ఒక్క మాటతో మనిషి చట్టం దృష్టిలో దొంగవాడవుతాడు. సురినాము కత్తి, మారిషసు చీటీ, సౌదీ ఇఖామా ఒక్కటే అని మేము అనము. అలా అనడం కాలు పోయినవాడికి అన్యాయం. అయితే పారిపోవడమే నేరమనే ఆలోచన మూడింటిలోనూ ఉన్నది.

ఇక్కడ హాస్యం సంగతి చెప్పాలి, మేము చెప్పదలచుకున్నదంతా నిజానికి ఇదే. గల్ఫు తెలుగువారి వాడుకలో రెండు మాటలున్నాయి. ఒకటి 'ఆజాద్ వీసా'. స్వేచ్ఛా వీసా అని అర్థం. చట్టంలో అటువంటిది లేదు. పని ఏమీ ఇవ్వని కఫీలుకు డబ్బు కట్టి, అతని పేరుమీద వెళ్లి, బయట దొరికిన పని చేసుకుంటూ, ఆ పేరు వాడుకున్నందుకు మళ్లీ మళ్లీ కడుతూ ఉండాలి. లక్షలు పోసి కొనవలసినదానికి 'ఆజాద్' అని పేరు! మాంటెస్క్యూ పుటంతా రాసి సాధించినదానిని ఈ రెండు మాటలు సాధించాయి. రెండవది 'ఖల్లివల్లి'. అరబ్బులు 'పోనీ, వదిలెయ్' అనడానికి వాడే మాట. మనవాళ్లు దానిని కఫీలును వదిలి బయటపడి, కాగితం లేకుండా బతికేవాడికి పేరుగా పెట్టారు. 'వాడు ఖల్లివల్లి అయ్యాడు' అంటే చాలు. అందులో భయమూ ఉన్నది, కొంచెం గర్వమూ ఉన్నది. సర్కారు అతనిని నేరస్థుడంటుంది, కూలీ మాత్రం 'పోనీ' అంటాడు. వోల్టేరుది చూసినవాడి నవ్వు, ఇది పడినవాడి నవ్వు. వేమనను మన వోల్టేరు అని మెచ్చుకోవడం కొందరికి అలవాటు. మాకు ఆ పోలికతో పని లేదు. బ్రౌను 1829లో అచ్చు వేయకముందే వేమన పద్యాలు చదువురాని నోళ్లలో బతికాయి. ఖల్లివల్లి అన్న మాటా అటువంటి నోటినుంచే పుట్టినది.

మతాన్ని గురించి కూడా వోల్టేరు ఒక ముచ్చట రాశాడు. 1734 నాటి ఆయన లేఖలలో లండను వ్యాపార భవనం వర్ణన ఉన్నది. యూదుడు, మహమ్మదీయుడు, క్రైస్తవుడు అక్కడ ఒకే మతంవారివలె బేరమాడుకుంటారట, దివాలా తీసినవాడే వారికి అవిశ్వాసి. నవ్వు రాకుండా ఉండదు. కాని దానిని సౌదీ క్యాంపు గదిలో కూర్చుని చదివి చూడండి. ఒకదానిపై ఒకటి వేసిన మంచాలమీద హిందువు, ముస్లిము, క్రైస్తవుడు ఒకే గిన్నెలో వండుకుని తింటారు. వ్యాపారం కలిపినంతగా వారినీ పని కలిపింది. అయినా అక్కడ ముస్లిము కానివాడు బహిరంగంగా పూజ చేసుకోవడానికి వీలులేదు. బజారు మనుషులను పక్కపక్కన నిలబెట్టగలదు. అంతమాత్రాన స్వేచ్ఛ కూడా వస్తుందని వోల్టేరు అనుకున్నాడు. అది ఆయన కాలపు అమాయకత్వం.

ఇక తోట సంగతి. కాందీద్ అన్నీ పోగొట్టుకుని, చివరకు కాన్‌స్టాంటినోపుల్ దగ్గర చిన్న పొలంలో స్థిరపడి, తర్కాలు మాని తోట పని చూసుకోవాలని తేల్చుకుంటాడు. ఈ ముగింపును సుఖపడినవారి సలహా అని కొట్టివేసేవారున్నారు. మేము ఒప్పుకోము. ఆ పొలంలో ఒకరు పిండివంటలు చేస్తారు, ఒకరు కుట్టుపని చేస్తారు, సన్యాసి వడ్రంగి అవుతాడు. కూలివాడు లేడు. ఆ తోట అందం అందులోనే ఉన్నది. 19వ అధ్యాయానికి వోల్టేరు ఇచ్చిన జవాబు కూడా అదేనేమో అని మాకు తోస్తుంది. ఇంతకంటే మంచి జవాబు ఆయన ఇవ్వగలిగేవాడు కాదు.

సౌదీ ఎడారి తోటను మజ్రా అంటారు. ఖర్జూరపు చెట్లు, మేకలు, ఒక రేకుల గది, ఒక మనిషి. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం కొత్త సంస్కరణ తెచ్చింది. కొన్ని షరతులమీద పనివాడు కఫీలు ఒప్పుకోలు లేకుండానే యజమానిని మార్చుకోవచ్చు, దేశం విడిచి వెళ్లవచ్చు. మంచి పనే. అయితే ఐదు పనులను ఆ సంస్కరణ బయట ఉంచింది. ఇంటి పనివారు, సొంత బండి డ్రైవర్లు, ఇంటి కాపలావారు, పశువుల కాపరులు. ఐదవవాడు తోటమాలి.