గోడకు రాసుకునే గుర్రం

తోక మొదలు బోడిగా ఉంది. జూలు సగం ఊడిపోయింది. మెడ మీద తోలు మడతలు పడి, ఎండిన బురదలా బిరుసెక్కింది. పెళ్లి బరాత్‌లకు తిప్పే తెల్ల ఆడగుర్రం. హైదరాబాద్ శివార్లలో, చెరువు పక్క రేకుల షెడ్డులో ఉంటుంది. "గజ్జి సార్. గంధకం పూసిన, వేపనూనె పూసిన, సూదులు గూడ ఇప్పించిన. తగ్గినట్టే తగ్గి మళ్ల లేస్తది" అన్నాడు యజమాని.

పక్కనే ఇంకో గుర్రం నున్నగా మెరుస్తోంది. రెండింటికీ ఒకటే బ్రష్షు, ఒకటే జీను. గజ్జయితే దానికీ అంటుకోవాలి కదా. నా అనుమానం అక్కడ పుట్టింది.

చర్మరోగం చూడడంలో సగం పని అడగడమే. ఎప్పుడు మొదలైందంటే తేదీ చెప్పేవాళ్లు తక్కువ, పండగ చెప్తారు. నాకదే మేలు. "బోనాలప్పుడు షురువైతది, ఎండలు ముదిరేసరికి మాయం. పోయినేడు గూడ గంతే." వానలతో వచ్చి ఎండలతో పోయే దురదకు వెనక పురుగు ఉంటుంది.

ఏ పురుగు? కనబడేది జోరీగ గనక అందరూ దాన్నే తిడతారు. అసలు దొంగ చాలాసార్లు కులికాయిడిస్ అనే పిల్లదోమ. ఒంటి పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పేడ కలిసిన తడి బురదలో పుడుతుంది, మునిమాపునా తెల్లవారుజామునా కుడుతుంది. దక్కన్ గొర్రెలకు వానాకాలం తర్వాత నీలి నాలుక వ్యాధి మోసుకొచ్చేదీ ఈ జాతే. దాని ఉమ్మి చాలా గుర్రాలను ఏమీ చేయదు. కొన్నిటి ఒళ్లు మాత్రం దానికి విపరీతంగా తిరగబడుతుంది. అలాంటి గుర్రం జూలు, తోక మొదలు, పొట్ట నడిమి గీత గోక్కుంటుంది. ఇదే రోగాన్ని ఇంగ్లండ్‌లో స్వీట్ ఇచ్ అనీ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఇచ్ అనీ అంటారు. ఆ దురదలో తీపి ఏం కనిపించిందో ఇంగ్లండ్ వాళ్లకు!

తోక ఒక్కటే రాసుకుంటే నేను ముందు నులిపురుగుల్ని అనుమానిస్తాను. ముడ్డి దగ్గర పారదర్శకమైన టేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెడితే గుడ్లు కనబడతాయి. జూలు తెల్లకాగితం మీదికి దువ్వితే పేలు రాలతాయి. తామర అయితే గుండ్రటి మచ్చలు. గోరుతో గీకినంత పొట్టు చాలు, చూడడానికి. ఇక్కడ అవేవీ లేవు.

"రక్తపరీక్ష చేయిద్దామా సార్?" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక గుర్రానికి అలాగే చేయించాను. రిపోర్టులో గడ్డి, బూజు, దుమ్ము, ఒక డజను పాజిటివ్‌లు. రెండు నెలలు మేత మార్చి మార్చి పెట్టించాను. గుర్రం గోకుతూనే ఉంది, మేతకు డబ్బు పోసినవాడు నా మొహం చూడడం మానేశాడు. కుట్టించుకున్న ప్రతి గుర్రం నెత్తుట్లోనూ ఆ పురుగుకు ప్రతిరక్షకాలు పుట్టొచ్చు, దురద లేని గుర్రానికి కూడా. మెడ మీద వెంట్రుకలు గొరిగి, చర్మంలోకి బొట్టు బొట్టుగా పురుగు సారం ఎక్కించి, అరగంటకీ కొన్ని గంటలకీ మర్నాడూ బుడిపె కొలిచే పరీక్ష కాస్త నయం. దానికి ముందే స్టెరాయిడ్లు మానిపించాలి. అయినా ఆరోగ్యంగా ఉన్నవాటికీ బుడిపెలు లేస్తాయి. ఈ కాగితాలు అనుమానానికి తోడొస్తాయేగానీ తీర్పు చెప్పవు.

"పుట్టిందెక్కడ?" అని అడిగాను. "మూడేండ్ల కింద మార్వాడ్ నుంచి తెచ్చిన." ఈ ప్రశ్న నేర్పింది ఐస్‌లాండ్ గుర్రాలు. ఈ పురుగు బెడద లేని ఆ దేశంలో పుట్టి, పెద్దయ్యాక యూరప్‌కు వెళ్లినవాటికి ఈ అలర్జీ చాలా ఎక్కువ. వాటి జాతివే, యూరప్‌లో పుట్టినవాటికి అంత ఉండదు. పాపం, ఒకసారి దేశం దాటిన గుర్రాన్ని ఐస్‌లాండ్ మళ్లీ రానివ్వదు. ఆ లెక్క మార్వాడ్‌కూ వర్తిస్తుందని అనను గానీ, ఎడారి అంచు నుంచి చెరువు గట్టుకు వచ్చిందన్న మాట రాసి పెట్టుకున్నాను.

మందు రాయలేదు. మెడ నుంచి తోకదాకా కప్పే బట్ట కుట్టించమన్నాను. మామూలు దోమతెర కళ్లలోంచి ఈ పురుగు సులువుగా దూరుతుంది, నేత దట్టంగా ఉండాలి. పొద్దు వాలకముందే లోపల కట్టెయ్యాలి, పెద్ద ఫ్యాను పెట్టాలి. గాలికి ఎదురెగిరే బలం దానికి లేదు. భాద్రపదం, ముహూర్తాల్లేవు, గుర్రానికి పనీ లేదు. ఆయన భార్య పాత కర్టెన్లతో కుట్టింది. నాలుగు వారాలకు పుండ్లు మానాయి, తోక మొదట్లో నూగు మొలిచింది.

అది బట్ట వల్లనా, చిన్నగా మారుతున్న కాలం వల్లనా? తేల్చుకోవాలంటే బట్ట తీసి చూడాలి. మానుతున్న తోలును మళ్లీ కుట్టించమని చెప్పడానికి నోరు రాలేదు. కార్తీకంలో ఆయనే ఫోన్ చేశాడు. "రాత్రి చెరువు పక్క ఫంక్షన్ హాల్ల పెండ్లి సార్. బట్ట తీసి మూడు గంటలు నిలబెట్టిన. పొద్దుగాల్నుంచి గోడకు రాస్తనే ఉంది."

కేసు కాగితం తీసి, అనుమానం అన్నచోట కొట్టేశాను. ఫోన్ పెట్టబోతుంటే మళ్లీ అడిగాడు: "బరాత్‌కు ఏసే జరీ బట్టనే మెడదాంక కుట్టిస్తె నడుస్తదా సార్?"

నడుస్తుంది, అస్తరు మాత్రం దట్టంగా వేయించమన్నాను.