తల్లికి ఒక్కటే పిల్ల

మా పనిలో వచ్చే జవాబులు చాలా చిన్నవి. రెండు, లేదంటే నాలుగు. కణంలో సెంట్రియోళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మా పని. సెంట్రియోల్ అంటే తొమ్మిది కట్టల మైక్రోట్యూబుళ్లు వలయంగా నిలబడిన చిన్న గొట్టం. కట్టకు మూడేసి పోగులు. పొడవు అర మైక్రాను, అడ్డం అందులో సగం. అప్పుడే పుట్టిన కణంలో ఇవి రెండుంటాయి. డీఎన్ఏ రెట్టింపయ్యే వేళకు ఒక్కోదాని పక్కన ఒక్కో కొత్తది మొలిచి నాలుగవుతాయి. కణం చీలినప్పుడు ఆ నాలుగూ రెండేసి చొప్పున పిల్ల కణాలకు పోతాయి. చుట్టూ చేరిన ప్రొటీన్ల గుంపుతో కలిపి ఆ జంటను సెంట్రోసోమ్ అంటాం. క్రోమోజోములను రెండు వైపులకూ లాగే కండె పోగులు అక్కడి నుంచే బయల్దేరతాయి.

లెక్క చిన్నదే కానీ చూడటం కష్టం. మామూలు కాంతి మైక్రోస్కోపు సుమారు ఐదో వంతు మైక్రాను కన్నా దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపలేదు. తల్లిని ఆనుకుని కొత్తగా మొలిచిన పిల్ల సరిగ్గా ఆ హద్దు మీదే ఉంటుంది. పల్చటి గాజుపలక మీద పెంచిన కణాలను ఫ్రీజరులో చల్లబరిచిన మెథనాల్‌లో ముంచుతాం. సెంట్రిన్ అనే ప్రొటీనుకు అంటుకునే యాంటీబాడీ వేసి పచ్చటి రంగు పట్టిస్తాం. ఆ తర్వాత చీకటి గదిలో కూర్చుని ఫోకస్ మరను వెంట్రుకవాసి తిప్పుకుంటూ కణం పైనుంచి అడుగుదాకా దిగాలి. ఒక్కటే అనుకున్న చుక్క కాస్త దిగేసరికి రెండుగా విడిపోతుంది. ఒకదాని కింద ఒకటి దాక్కున్న జంటను పట్టించేది ఆ మరే, అందుకే లెక్క పూర్తయ్యేదాకా నేను దాని మీంచి చెయ్యి తియ్యను.

ఇంకో కట్టుబాటు ఉంది. ఏ స్లైడుకు మందు వేశామో, దేనికి వెయ్యలేదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. వేరొకరు పేర్ల మీద టేపు అంటించి పైన నంబర్లు వేసి ఇస్తారు. అంతా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాకే టేపు ఊడదీస్తాం. తెలిసి చూస్తే కన్ను మనం కోరుకున్నదే చూపిస్తుంది. పనిలో చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

రెండు అనే అంకె మీద ఇంత పట్టింపు ఎందుకంటే థియోడర్ బోవెరి దగ్గరికి వెళ్లాలి. సెంట్రోసోమ్‌కు ఆ పేరు పెట్టింది ఈ జర్మన్ శాస్త్రవేత్తే. ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లు తీసుకుని, ఒక్కో గుడ్డులోకి రెండేసి వీర్యకణాలు వెళ్లేలా చేశాడు. ఒక్కో వీర్యకణమూ తన సెంట్రోసోమ్‌ను వెంట తెచ్చింది. క్రోమోజోములను లాగే ధ్రువాలు రెండుకు బదులు నాలుగయ్యాయి, గుడ్డు ఒక్కసారే నాలుగుగా చీలింది, క్రోమోజోములు ఎటు పడితే అటు పోయాయి. ఆ పిండాల్లో చాలా మటుకు బతకలేదు. క్యాన్సర్ పుట్టుక వెనక ఇలాంటి అస్తవ్యస్త విభజన ఉండవచ్చని 1914లో ఒక పుస్తకమే రాశాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పుట్టకముందు, రెండు చుక్కలను చూసి అంత దూరం ఆలోచించిన మనిషి ఆయన.

మరి కణం ఆ లెక్కను ఎలా నిలబెట్టుకుంటుంది? నన్ను ఇన్నాళ్లుగా ఈ పనిలో కట్టిపడేసింది ఈ ప్రశ్నే. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో టిమ్ స్టెర్న్స్ బృందం రెండు కణాలను కలిపి ఒక్కటి చేసింది. ఒకదాని సెంట్రియోళ్లు అప్పటికే పిల్లలు పెట్టాయి, రెండోదానివి ఇంకా పెట్టలేదు. ఇప్పుడు అందరూ ఉన్నది ఒకే ఇంట్లో, అందుతున్న సరుకులూ అవే. అయినా పెట్టనివే పెట్టాయి, పెట్టినవి మళ్లీ పెట్టలేదు. అంటే అడ్డు సెంట్రోసోమ్‌లోనే ఉంది. 2008లో అలెక్సీ ఖొజకోవ్ బృందం డీఎన్ఏ రెట్టింపు దశలో ఆపి ఉంచిన కణాల్లో పిల్ల సెంట్రియోల్‌ను లేజరుతో కాల్చేసింది. తల్లి పక్కన మరొకటి మొలిచింది!

పక్కన అంటుకుని ఉన్న పిల్లే తల్లికి తాళం. విభజన చివర్లో ఆ జంటను విడదీయడానికి సెపరేజ్ అనే ఎంజైము కావాలి. జంట క్రోమోజోములను విడగొట్టేదీ అదే. అందువల్ల క్రోమోజోములు విడిపోయే వేళకే ఈ తాళమూ ఊడుతుంది. కణం ఎక్కడా లెక్కపెట్టడం లేదు. చేసిన పనే తర్వాతి పనికి అడ్డు నిలుస్తోంది. ఇంతకన్నా అందమైన ఏర్పాటు జీవశాస్త్రంలో నాకు కనబడలేదు.

ఒకసారికి ఒకటే ఎందుకన్నది వేరే కథ. పీఎల్‌కే4 అనే ఎంజైము ఈ పనికి కీలకమని 2005లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. అది మొదట తల్లి మొదలు చుట్టూ వలయంలా చేరుతుంది. కాసేపటికి ఒక్కచోట మాత్రమే మిగులుతుంది, పిల్ల మొలిచేది అక్కడే. అరటి తోటలో రైతు దుబ్బు చుట్టూ వచ్చిన పిలకల్లో ఒక్కటి ఉంచి మిగతావి నరికేసినట్టే. కాకపోతే ఇక్కడ రైతు లేడు. పీఎల్‌కే4 అణువులు ఒకదానిమీద ఒకటి ఫాస్ఫేటు గుర్తు వేసుకుని తమను తామే నాశనానికి అప్పగించుకుంటాయి. ఈ ఎంజైమును మేం బలవంతంగా పెంచిన కణాల్లో తల్లి చుట్టూ పిల్లలు ముసురుకుని కనిపిస్తాయి.

తగ్గినా ముప్పే. పిల్ల మొలవడానికి కావలసిన స్టిల్ అనే ప్రొటీను జన్యువు దెబ్బతింటే బిడ్డ చిన్న తలతో, చిన్న మెదడుతో పుడుతుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని అరుణ్ కుమార్ బృందం 2009లో భారతీయ కుటుంబాల్లో కనుక్కుంది. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరి నుంచీ చెడిన ప్రతి వస్తేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికాలున్న మన ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం. ఇద్దరి దగ్గరా చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉన్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

మెదడే ఎందుకు దెబ్బతింటుంది? సెంట్రియోళ్లు లేని కణం కూడా ఎలాగోలా చీలుతుంది, కానీ ఆలస్యంగా. మనిషి కణాలను పెంచి చూసిన ప్రయోగాల్లో, విభజన తొలి ఘట్టం గంటన్నర దాటితే పుట్టిన పిల్ల కణాలు మళ్లీ చీలకుండా ఆగిపోయాయి. కణం గమనిస్తున్నది సెంట్రియోళ్ల సంఖ్యను కాదు, పట్టిన సమయాన్ని. ఎలుక పిండాల్లో ఈ ఆలస్యం పీ53 అనే ప్రొటీనును లేపుతుంది. దాంతో మెదడును కట్టవలసిన మూలకణాలు చచ్చిపోతాయి. అదే ఎలుకల్లో పీ53ని కూడా తీసేస్తే, సెంట్రియోళ్లు లేకపోయినా ఆ కణాలు చాలా వరకు బతికాయి.