మందుల షిఫ్టు

కడోదరాలో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, రెండు షిఫ్టులు, ఒక్కోటి 12 గంటలు. సూరత్ పక్కన, హైవే మీదున్న ఈ ఊరికి బతుకుదెరువు కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీల్లో మా చిన్నాయన ఒకరు. ఆయన సాంచాలు వదిలేశాక ఇంట్లో మూడో షిఫ్టు మొదలైందంటుంది చిన్నమ్మ. అది మందుల షిఫ్టు.

చిన్నమ్మకు థైరాయిడ్, షుగరు, మోకాళ్ల నొప్పులు. థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకోవాలి, అరగంటైనా ఆగితే గానీ చాయ్ లేదు. షుగరు గోలీ తిండితోపాటు. క్యాల్షియం గోలీకి, థైరాయిడ్ గోలీకి నడుమ నాలుగు గంటలు ఎడముండాలి, లేకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టదు. చదువు రాని మనిషి ఇదంతా నోటి లెక్కతోనే నడుపుతుంది. గోలీలను పట్టీ రంగును బట్టి గుర్తుపడుతుంది. మందుల షాపులో అదే మందు వేరే కంపెనీది ఇచ్చారా, రంగు మారిపోతుంది. పాత పట్టీ చేతబట్టుకుని మళ్లీ షాపుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టించి, ఒకటేనని తేల్చుకున్నాకే గోలీ వేసుకుంటుంది. ఇంత పనితనానికి జీతం లేదు, కనీసం పేరూ లేదు.

చిన్నాయన చెవులు ఏళ్ల తరబడి సాంచాల మోత విన్నవి. బీపీ చూపించుకోబోతే డాక్టరు చెప్పేది సగమే చేరుతుంది. అందుకని చిన్నమ్మ ఆయన వెంట వెళ్లాల్సిందే. ఒకరి బీపీకి ఇద్దరి పూట పోతుంది.

"ఇంట్ల ఖాళీగనే ఉంటరు గద" అన్నాడు కొడుకు ఓసారి.

"ఖాళీ యాడిది బిడ్డా, గోలీ గోలీకి నడుమ వంట జేస్తున్న" అంది.

ఈ షిఫ్టు ఏ లెక్కలోనైనా ఉందా? అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద ఉన్న, 65 ఏళ్లు నిండినవారి 2019 లెక్కలు తీస్తే, సగటున ఏడాదికి మూడు వారాల దాకా ఆస్పత్రులు, పరీక్షల చుట్టూనే గడిచిందని తేలింది. అది గడప దాటిన రోజుల లెక్కే, గడప లోపలి చాకిరీ అందులో లేదు. మన కాల వినియోగ సర్వేలు 2019లో, 2024లో జరిగాయి. నిద్ర, తిండి, స్నానం, సొంత వైద్యం అన్నీ వాటిలో స్వీయ సంరక్షణ అనే ఒకే పెద్ద పద్దు కిందికి పోయాయి.

70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ఉంది. మంచిదే. కాకపోతే అది ఆస్పత్రిలో చేరితేనే, రోజూ మింగే గోలీకి వర్తించదు.

చీటీ రాసే డాక్టర్లకు ఒక మనవి: బీపీ, షుగరు నిలకడగా ఉన్న ముసలివాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి రాయండి. మందుల షాపులవాళ్లూ, కంపెనీ మారిస్తే ఆ మాట నోటితో చెప్పి ఇవ్వండి.