అవిశ్వాసి గుడికి వెళ్లిన వేళ

ఆంగ్లకవి ఫిలిప్ లార్కిన్ రచించిన ‘చర్చ్ గోయింగ్’ 1955లో వెలువడిన ‘ది లెస్ డిసీవ్డ్’ సంపుటిలోని కవిత. సైకిలుపై పోతున్న బాటసారి పాత చర్చి ఒకటి కనిపించి ఆగుతాడు. లోపల ప్రార్థన ఏదీ లేదని నిర్ధారించుకొన్నాకే అడుగు పెడతాడు. తీయడానికి తలపై టోపీ లేదు గనుక గౌరవసూచకంగా సైకిలు క్లిప్పులు తీస్తాడు. చివరకు సందర్శకుల పుస్తకంలో సంతకం చేసి, ఒక ఐరిష్ నాణెం కానుకగా వేసి వెళ్లిపోతాడు. ఆగవలసినంత చోటేమీ కాదనుకొంటాడు. అయినా ఇలాంటి చోట్ల తరచు ఆగుతూనే ఉంటాడు. ఎందుకన్నదే కవిత వేసుకొన్న ప్రశ్న.

శీర్షికలోనే శ్లేష ఉంది: చర్చికి వెళ్లే అలవాటు, చర్చే కనుమరుగు కావడం. ఏడు చరణఖండాలలో స్వరం వెటకారం నుంచి గాంభీర్యానికి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. పుట్టుకను, పెళ్లిని, చావును ఒకే కప్పు కింద నిలిపిన చోటు గనుక, విశ్వాసం సన్నగిల్లినా మనిషి అక్కడికి రాక మానడని ముగింపు. దీనిని మతానికి చరమగీతంగా చదవడం కద్దు. కాని కవిత బలం ఆ తీర్పులో కన్న, తన తెలియనితనాన్ని దాచుకోని బాటసారి నిజాయితీలోనే ఎక్కువగా ఉంది.

ఆ తెలియనితనం భిలాయి తెలుగువారికి కొత్తది కాదు. కవిత అచ్చయిన 1955లోనే, ఫిబ్రవరి 2న, సోవియట్ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైంది. పని వెదుక్కొంటూ అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు అనేకం. భిలాయికి చేరువలో, చరోదా పక్కన, కలచురుల కాలపు దేవ్‌బలోదా శివాలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది. సెలవునాడు అక్కడికి వెళ్లిన కార్మికునికి కట్టించిన రాజు పేరు తెలియదు. గోడల మీది శిల్పాల వరుసలను చదివే శాస్త్రమూ తెలియదు. అతడూ లార్కిన్ బాటసారి వంటివాడే.

అయితే ఒక తేడా ఉంది. ఆ గుడి శిఖరం అసంపూర్ణం. శిల్పి దిగంబరుడై పనిచేసేవాడనీ, రోజూ భార్య అన్నం తెచ్చేదనీ, ఒకనాడు చెల్లెలు రావడం చూసి సిగ్గుతో పక్కనున్న కోనేటిలో దూకాడనీ స్థానికుల కథ. చరిత్రకారునికి ఇది ప్రమాణం కాదు. కాని అసంపూర్తికి ఊరు ఇచ్చుకొన్న అర్థం ఇది. మహాశివరాత్రి జాతరలో ఆ కథ ఒక తరం నుంచి మరో తరానికి చేరుతుంది.

లార్కిన్ కవితలో ఊరు లేదు. ఎవరూ లేని వేళ చూసి వెళ్లిన బాటసారికి అడిగి తెలుసుకొనే మనిషి ఎదురుకాడు. అందుకే చర్చి భవిష్యత్తునంతా ఒంటరిగా ఊహించుకోవలసి వచ్చింది. ఏకాంతం కవితకు గాంభీర్యాన్ని ఇచ్చింది. దాని చూపుకు ఎల్లనూ గీసింది. రాతిని కాపాడడానికి చట్టం ఉంది. ఆ రాతిని తమదిగా చెప్పుకొనే నోళ్లు లేనినాడు మిగిలేది మాత్రం కవి భయపడిన శిథిలమే. దేవ్‌బలోదాలో శివరాత్రినాడు వరుసలో నిలబడిన అపరిచితుడు ముందున్నవారిని అడిగితే చాలు, శిల్పి కథ చెబుతారు.